మన గుర్రాల జ్ఞాపకాలు: ఆదివారం కలుద్దాం

మిత్రులందరికీ నమస్కారం.

తిరుపతి పశువైద్య కళాశాలలో ఎన్‌సీసీ గుర్రపు దళంలో ఉన్న మనమంతా ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు వీడియో కాల్‌లో కలుస్తున్నాం. లింకు ఆ ఉదయమే ఇక్కడ పెడతాను.

శుక్రవారంలోగా ప్రతి ఒక్కరూ ఒక పాత ఫోటో, మీకు ఇష్టమైన గుర్రం పేరు, దాని గురించి నాలుగు మాటలు పంపండి. మాట్లాడి రికార్డు చేసి పంపినా సరే.

ఏం చెప్పాలో తోచకపోతే తెల్లవారుజామున గుర్రాల ఒళ్ళు రుద్దడం, గిట్టల్లో మట్టి తీయడం, "ఎడమ వైపు నుంచి ఎక్కు!" అన్న కేక, పాదాలు పెట్టే రికాబులు వదిలేసి చేసిన స్వారీ గుర్తు చేసుకోండి. కడుపునొప్పి వచ్చిన గుర్రం పక్కన రాత్రంతా మేలుకున్నవాళ్ళు ఆ సంగతి తప్పక చెప్పాలి. గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు కనుక ఆ నొప్పి ఎంత ప్రమాదమో నాకు పుస్తకంలో కంటే ఆ శాలలోనే బాగా అర్థమైంది.

గుర్రాలను చూసుకున్న సైసుల ఫోటోలుంటే ముందుగా అవే పంపండి. మనకు కళ్ళెం పట్టడం నేర్పింది వాళ్ళే.

ఫోటోతో పాటు సంవత్సరం రాయడం మరవకండి. వచ్చేవాళ్ళు ఈ రాత్రికే పేరు చెప్పండి.