నురుగు కొట్టకముందే ఒకసారి రా

చిన్నీకి,

అమ్మ దీవెనలు.

"పడవ ఎంతవరకు వచ్చిందమ్మా?" అని నువ్వు ఫోను చేసినప్పుడల్లా "వస్తోంది" అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నాను. వారానికోసారి పడవ కడుతున్న యార్డుకు వెళ్లి చూసి రమ్మన్నావు. నేను రెండుసార్లు వెళ్తున్నానని మీ నాన్న నవ్వుతున్నారు. పడవలో కాపురమేమిటని నీతో నెల రోజులు మాట్లాడకుండా కూర్చున్న మనిషిని కదా, నవ్వనీ.

మొదటిరోజు నాకు పడవ కనిపించలేదు. నేల మీద పరిచిన ఉక్కు ప్లేట్లే కనిపించాయి. పడవ అడుగుభాగానికి 10 మిల్లీమీటర్ల మందం, పక్కలకు 6, పైన గది గోడలకు, కప్పుకు 4. అడుగు ప్లేటు చదరపు మీటరుకు సుమారు 78 కిలోలు తూగుతుంది. అంత బరువు ఎందుకని అడిగాను. కాలువ అడుగున ఇటుకలు, పాత సైకిళ్లు, ఎవరో తోసేసిన సామాన్ల బండ్లు ఉంటాయట. వాటిని రాసుకుంటూ పోవాల్సింది ఆ ప్లేటే.

వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. మీ నాన్న హాలులో నేల మీద టేపు అతికించి, అటు గోడ ఇటు గోడ అని నడిచి చూసి, "అమ్మాయి వసారా కొనుక్కుంది" అన్నారు. ఆ కొలత వెనక ఉన్న మనిషి పేరు జేమ్స్ బ్రిండ్లీ. ఇంగ్లండులోని ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ పని 1766లో మొదలైనప్పుడు దాని ఇంజనీరు ఆయనే. పడవను నీటితోపాటు పైకెక్కించి, కిందికి దించే తలుపుల గదులే లాకులు; అక్కడి ఇరుకు లాకుల వెడల్పు సుమారు 7 అడుగులే. 1777లో కాలువ పూర్తయ్యింది కానీ ఆయన 1772లోనే పోయాడు. గుర్రాలు లాగిన చెక్క పడవల కోసం ఆయన వేసిన లెక్క ఇప్పుడు నీ మంచం వెడల్పును తేలుస్తోంది. 57 అడుగుల పొడవు చాలని నువ్వు పట్టుబట్టడం మాత్రం మంచిదయ్యింది. ఉత్తరాన కొన్ని కాలువల లాకులు పొట్టివి, 70 అడుగుల పడవలు వాటిలో పట్టవట.

నన్ను కట్టిపడేసింది వెల్డింగ్. చీరకు ఫాల్ కుట్టే ముందు అక్కడక్కడ టాకాలు వేస్తామే, అచ్చం అలాగే వేస్తారు. ముందు చిన్న చిన్న అతుకులు పెట్టి, తర్వాత ఇక్కడ కొంత, ఆ చివర కొంత కలుపుతారు. ఒక కొసన మొదలుపెట్టి ఏకబిగిన లాక్కుపోతే వేడికి ప్లేటు మెలి తిరుగుతుంది. ఆ వెల్డర్ చెయ్యి చూస్తే మా అమ్మ కుట్టు గుర్తుకొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం నువ్వు పంపిన గదుల ప్లాను కాగితం పట్టుకుని లోపల కొలుస్తుంటే, ఎడమ పక్క గుండ్రని కిటికీ రంధ్రం సరిగ్గా నీ పడకగది అడ్డుగోడ వచ్చే చోటే పడిందని తేలింది. సగం కిటికీ నీకు, సగం స్నానాలగదికి! చెబితే యార్డు యజమాని ముందు నన్ను, తర్వాత కాగితాన్ని, ఆ తర్వాత చాలాసేపు గోడను చూశాడు. మర్నాటికల్లా గుండ్రటి ముక్క పెట్టి మూసి, ఒక అడుగు దూరం పక్కకు జరిపి కొత్త రంధ్రం కోశారు. బయట నుంచి ఎంత బాగా గీకి నున్నగా చేశారంటే, వేలితో తడిమినా దొరకలేదు. లోపలి వైపు మాత్రం చంద్రుడి చుట్టూ గుడిలా అతుకు కనిపిస్తోంది. అది బాగానే ఉందా అన్నది నువ్వు చూసుకోవాలి, నాకు కుట్టు తెలుసుగానీ ఉక్కు తెలియదు.

ఎందుకు తొందరంటే, వచ్చే గురువారం లోపలంతా నురుగు కొడతారు. మన ఊపిరిలోని తేమ చల్లటి ఉక్కుకు తగిలి నీరై కారకుండా అది గోడకు అంటుకుని గట్టిపడుతుంది. దాని మీద చెక్క పలకలు వస్తాయి. ఆ తర్వాత నీ పడవ ఉక్కును లోపలి నుంచి నువ్వు చూడలేవు. ఇంకో చిక్కు, నురుగు కొట్టాక వెల్డింగ్ పెడితే అది కాలి విషపు పొగ వస్తుంది. కాబట్టి సోలార్ పలకల బిగింపులు, పొయ్యి గొట్టం రంధ్రం ఎక్కడో ఇప్పుడే తేల్చుకో. "తర్వాత చూద్దాం" అనే నీ అలవాటు ఇక్కడ కుదరదు.

పడవ కట్టేసుకోవడానికి స్థిరమైన చోటు లేకపోతే ఒకేచోట 14 రోజులకు మించి ఉండకూడదని విన్నాను, అది నువ్వే పడు. నా భయమంతా లాకులతోనే. నీళ్లు దిగేటప్పుడు ఎగువ తలుపు దగ్గర నీటి కింద రాతి మెట్టు ఉంటుందట. వెనక భాగం దాని మీద కూర్చుంటే పడవ తలకిందులయ్యే ప్రమాదం. గోడ మీద తెల్లగీత కనిపిస్తుంది, పడవ వెనక కొస కూడా ఆ గీత దాటి ఎగువ తలుపుకు దూరంగా ఉండేలా చూసుకో. ఇది వందసార్లు చెబుతాను, విసుక్కోకు.

డబ్బు తర్వాతి వాయిదా కట్టే ముందు, అప్పటిదాకా తయారైనది నీదేనని రాసిన కాగితం తీసుకో. యార్డు మూతపడితే మాటలు పనికిరావు.

బుధవారం సాయంత్రంలోగా రా. పాత బూట్లు వేసుకో, నేలంతా ఇనుప పొడి. టార్చిలైటు నేను తెస్తాను.

అమ్మ