రాయితోపాటు ఊరి పేరు

విజయవాడ,
ఆదివారం రాత్రి

రవీ,

ఇక్కడ అందరం కులాసా. నాన్నగారికి మోకాలి నొప్పి బాగా తగ్గింది, పొద్దున్నే కాలవ గట్టు దాకా నడిచి వస్తున్నారు. నువ్వు పుణెలో వేళకు తింటున్నావో లేదో అని అమ్మ అడగమంది. అడిగేశాను. ఇక అసలు సంగతి.

బెంజి సర్కిల్ దగ్గర ఒక కల్యాణ మండపంలో రాళ్ళు, ఖనిజాల ప్రదర్శన పెట్టారు. ఈ రోజు మధ్యాహ్నం వెళ్ళి, వాళ్ళు దీపాలు ఆర్పే వేళకు బయటపడ్డాను. నువ్వు పక్కన ఉంటే ఎంత బాగుండేదో! చిన్నప్పుడు మాచర్లలో క్వారీల వెంట తిరిగి జేబులు చిరిగేలా రాళ్ళు మోసుకొచ్చింది మనిద్దరమే కదా. నీకు రాయకపోతే ఇంకెవరికి రాస్తాను?

ముందు వరసల్లో అంతా వ్యాపారం. నవరత్నాలు, ఉంగరాలు, స్ఫటిక మాలలు. ముదురు నీలం, గులాబీ రంగుల్లో మెరిసే అకేటు అనే చారల రాయి పలకలు కుప్పలుగా పోశారు. అందులో చాలావాటిది అద్దిన రంగే. భూతద్దం పెట్టి పగుళ్ళ దగ్గర చూస్తే రంగు అక్కడే చిక్కగా పేరుకుని ఉంటుంది. సూర్యకాంతమణి పేరుతో అమ్ముతున్న చమ్కీల రాయి కూడా గాజే, లోపల రాగి రేణువులు మెరుస్తుంటాయి. రంగు అద్దితే అద్దినట్టు, గాజైతే గాజని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. చెప్పకుండా అమ్మడం నాకు నచ్చలేదు. పిల్లలు దాచుకున్న డబ్బులు పెట్టి కొంటున్నారురా.

మండపం చివర, వంటశాల వైపు, ఒక పెద్దాయన బల్లలు వేసుకుని కూర్చున్నారు. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారట. అందరూ మాస్టారు అనే పిలుస్తున్నారు. ఆయన దగ్గర అమ్మకం లేదు. మన జిల్లాల రాళ్ళు వరసగా పేర్చి, ఒక్కోదాని కింద చేత్తో రాసిన చీటీ పెట్టారు. నా మధ్యాహ్నమంతా అక్కడే గడిచింది.

మొదటి రాయి మన దుర్గమ్మ కొండదే! ఘాట్ రోడ్డు పనుల్లో తవ్విపోసిన చోట ఏరిందట. ఖోండలైట్ అంటారు. పైకి తుప్పు పట్టినట్టు ఎర్రగా, గరుకుగా ఉంది. కొత్తగా పగిలిన వైపు తిప్పి భూతద్దం చేతికిచ్చారు. చూస్తే దానిమ్మ గింజ రంగులో గార్నెట్లు, వాటి చుట్టూ వంగి సాగిన పలుగురాయి చారలు, మధ్యమధ్య సిల్లిమనైట్ అనే ఖనిజపు తెల్లని సన్న పోగులు, అక్కడక్కడ పెన్సిల్ ములుకులా నల్లగా మెరిసే గ్రాఫైట్ పొరలు. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి భూమి లోపలికి కూరుకుపోయి, ఆ వేడికీ ఒత్తిడికీ ఇలా మారిందట. గార్నెట్లు బయటి నుంచి వచ్చి చేరినవి కావు, ఆ మట్టిలోని పదార్థాలే అలా కుదురుకున్నాయి. ఇందులో ఉన్న ఇంకో ఖనిజం ఫెల్డ్‌స్పార్ ఎండకూ వానకూ మళ్ళీ మట్టిగా మారిపోతుంది. అందుకే ఈ రాయి పట్టు సడలుతుంది, వానాకాలంలో కొండచరియలు విరిగిపడడానికి అదీ ఒక కారణమని మాస్టారు చూపించారు. కోణార్క్ గుడి కట్టింది కూడా ఈ జాతి రాయితోనే. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న కొండ, లోపల ఏముందో ఈ రోజే చూశాను.

తర్వాత కడప వైపు మంగంపేట ముగ్గురాయి, బెరైటీస్ అంటారే అది. ఒక చేతిలో అది, రెండో చేతిలో అంతే పరిమాణం ఉన్న పలుగురాయి పెట్టారు. ముగ్గురాయి ఉన్న చెయ్యి దానంతట అదే కిందికి దిగిపోయింది. పలుగురాయి నీటికి 2.65 రెట్లు బరువైతే ఇది దాదాపు నాలుగున్నర రెట్లు. ఆ బరువు కోసమే దాన్ని పొడి చేసి చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలుపుతారు. ఆ బురద బరువు బావి నిండా కూర్చుని, కింది నుంచి తన్నుకొచ్చే గ్యాసునూ నూనెనూ అదిమిపెడుతుంది. మన కృష్ణా గోదావరి డెల్టాలో తవ్వే బావులకు కూడా ఇటువంటి బురదే కావాలి. నా వెనక నిలబడ్డ ఒక పాప రెండు రాళ్ళూ చేతులు మార్చి మార్చి పట్టుకుని, వాళ్ళ అమ్మను కూడా పట్టుకోమని ఒకటే గోల.

చీమకుర్తి రాయి కూడా ఉంది, నల్లగా, లోపల బంగారు చుక్కలతో. బజారులో గ్రానైటు అంటారు కానీ అది గాబ్రో జాతి రాయి, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం.

ఇక మీ పల్నాడు నాపరాయి. మాస్టారు సీసాలోంచి నీళ్ళు కలిపిన ఆమ్లం ఒక్క చుక్క వేశారు. చుయ్‌మని నురగ వచ్చింది. పక్కన ఉన్న పలుగురాయి మీద అదే చుక్క వేస్తే చలనం లేదు. అమరావతి స్తూపానికి చెక్కిన రాయి కూడా పల్నాటి సున్నపురాయే. చెన్నై మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ జనం నిలబడి చూసే ఆ శిల్పాలకూ, మీ ఇంటి అరుగు మీద మనం కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్న బండలకూ చుట్టరికం ఉందన్నమాట.

జనం మాత్రం కోహినూరు నమూనా దగ్గర గుమిగూడారు. అది గాజుది. 1852లో మళ్ళీ సాన పట్టాక అసలు వజ్రం 105.6 క్యారెట్లకు దిగింది, ఆ కొలతకే చేయించారు. దాని పక్కన కొల్లూరు కంకర ఒక పళ్ళెంలో పోసి ఉంచారు. కోహినూరు దొరికింది కొల్లూరులోనే అని చెబుతారు కదా. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. నా దృష్టిలో ఆ బల్ల మీద విలువైనది ఆ కంకరే, కానీ దాని వంక చూసినవాళ్ళు తక్కువ.

దాన్ని ఆనుకునే ఒక గెలీనా ముక్క ఉంది, సీసపు ఖనిజం. పగిలిన ప్రతి చోటా చిన్న చిన్న ఘనాలు, మెట్లు మెట్లుగా, కొత్త ఉక్కులా మెరుస్తున్నాయి. చీటీ మీద రంగు వెలిసిన సిరాతో ‘బండ్లమొట్టు గని, అగ్నిగుండాల, వినుకొండ వైపు’ అని రాసి ఉంది. గని ఎప్పుడో మూతబడింది. మాస్టారు ఆ ముక్కను నా అరచేతిలో పెట్టి, “ఈ చీటీ పోతే ఇది ఎక్కడిదైనా కావచ్చు బాబూ. గెలీనా ప్రపంచంలో ఎన్నో చోట్ల దొరుకుతుంది. బండ్లమొట్టు గెలీనా కావాలంటే మాత్రం ఇక ఇలాంటివే దిక్కు” అన్నారు. వ్యాపారుల బల్లల మీద అందమైన రాళ్ళు ఎన్నో చూశాను, ఒక్కదానికీ ఊరు లేదు. అడిగితే ‘ఇంపోర్టెడ్’ అంటారు. ఏ కొండలో, ఏ పొరలో, దేని పక్కన పుట్టిందో తెలియకపోతే ఇక ఆ రాయిని ఏమని అడుగుతాం, అదేం చెబుతుంది? అప్పటి నుంచీ ఇదే ఆలోచన నన్ను వదలడం లేదు.

ఒక్క వ్యాపారి మాత్రం అడగగానే ఊరు చెప్పాడు. అతని దగ్గర నీకోసమే అన్నట్టు ఒకటి దొరికింది: వాఘోలీ కావన్‌సైట్! మీ పుణె శివారు క్వారీల్లో దొరికే నీలి ఖనిజమే. తెల్లటి స్టిల్‌బైట్ అనే ఖనిజపు పలకల మీద బఠాణీ గింజంత నీలి బంతి, దగ్గరగా చూస్తే బంతి నిండా సూదులే. ఆ నీలం వెనేడియం వల్ల వచ్చిందట. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట అక్కడ పారిన లావాలో గాలి బుడగలు ఖాళీలుగా మిగిలిపోయి, తర్వాత వేడి నీళ్ళు వాటిలో ఇవన్నీ పేర్చాయి. మన కృష్ణ పుట్టింది కూడా ఆ లావా కొండల్లోనే కదా, మహాబలేశ్వరంలో. ఇక్కడి ఏటి గులకరాళ్ళలో దొరికే అకేట్లు అటు నుంచి దొర్లుకుంటూ వచ్చినవేనట. బేరమాడకుండా కొనేశాను.

ఇప్పుడు నీతో పని. మీ ఇంట్లో అటక మీద మన రాళ్ళ ట్రంకు పెట్టె ఇంకా ఉందా? ఉంటే, మీ అమ్మగారిని దాన్ని కదపవద్దని ఈ వారమే ఫోను చేసి చెప్పు. ఏ రాయి ఎక్కడిదో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు, మనకైనా ఇంకెన్నాళ్ళు గుర్తుంటాయి? మాస్టారు చెప్పిన పద్ధతి సులువు. రాయికి కనపడని వైపు చిటికెడంత తెల్ల పెయింటు వేసి, ఆరాక దాని మీద నల్ల సిరాతో నంబరు వెయ్యాలి. నోటు పుస్తకంలో అదే నంబరు ఎదురుగా ఊరు, చోటు, ఏ సంవత్సరం, బావి తవ్వకంలోనా, వాగులోనా, క్వారీలోనా అన్నది రాయాలి. చీటీలు ఊడిపోతాయి, పెయింటు మీద నంబరు నిలుస్తుంది. సాగర్ రోడ్డు మలుపు దగ్గర నీకు దొరికిన ఆ ఊదారంగు పలుగురాయి నాకు గుర్తుంది. ఆ వాగు పేరు మాత్రం నువ్వే చెప్పాలి.

సంక్రాంతికి రెండు రోజులు ముందుగా సెలవు పెట్టుకుని రా. మాచర్లలో పెట్టె దింపి, ఒక్కో రాయికీ నంబరు వేద్దాం. తర్వాత మాస్టారి ఇంటికి పట్టుకెళ్దాం, చూసి పేర్లు చెబుతానన్నారు, ఫోను నంబరు కూడా ఇచ్చారు. వచ్చేటప్పుడు వాఘోలీ వైపు వెళ్ళగలిగితే, క్వారీ వాళ్ళ అనుమతి అడిగి, పారేసిన గుట్టల్లోంచి రెండు ముక్కలు తీసుకురా. మాస్టారికి ఇద్దాం. ఏ క్వారీయో, ఏ రోజో అక్కడే కాగితం మీద రాసి, రాయితో కలిపి పొట్లం కట్టు.

నీ
మురళి