మా పిచర్‌ను పట్యాలా పంపండి: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో ఉండే టీచర్‌ను. ఒకప్పుడు సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) జట్టులో క్యాచర్‌ను. బ్యాటర్ వెనకాల కూర్చుని పిచర్ విసిరిన బంతిని పట్టడం నా పని. ఎనిమిదేళ్లు ఒకే అమ్మాయి బంతులు పట్టాను. ఈ లేఖ ఆమె గురించే. పేరు రాయడం లేదు. తన కోసం అడుగుతున్నానని తెలిస్తే వద్దంటుంది.

సాఫ్ట్‌బాల్ అనే పేరు విని ఇది మెత్తటి బంతి ఆట అనుకుంటారు. కాదండీ. ఆడవాళ్ల ఆటలో పిచర్ నిలబడేది బ్యాటర్‌కు 43 అడుగుల దూరంలోనే. చేతిని భుజం చుట్టూ గిర్రున తిప్పి, నడుము కింది నుంచి బంతి వదులుతుంది. పెద్ద పోటీల్లో ఆ బంతి చూసుకుని బ్యాట్ తిప్పడానికి అర సెకను కూడా దొరకదు. మా పిచర్ బంతులు పట్టీ పట్టీ నా ఎడమ అరచేయి వాచిపోయేది. రాత్రి అన్నం కలుపుతూ మా అమ్మ ఆ చేయి చూసి ఏడ్చేది. స్టేట్ మీట్ గెలిచిన ఏడాది ఫైనల్లో మ్యాచ్ మొత్తం, ఏడు ఇన్నింగ్స్‌లూ తనే వేసింది, జ్వరంతో. తర్వాత నేషనల్స్‌లో మెడల్ తెచ్చింది.

మేం ఆడే రోజుల్లోనే, 2008 బీజింగ్ తర్వాత సాఫ్ట్‌బాల్‌ను ఒలింపిక్స్ నుంచి తీసేశారు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట: ఒలింపిక్స్‌లో లేని ఆటకు ఉద్యోగమేంటి? నేను బీఈడీ చేసి బయటపడ్డాను. తను ఆట వదల్లేదు. పగలు ఒక ప్రైవేటు బడిలో పీఈటీ, సాయంత్రం గ్రౌండ్‌లో ఫీజు లేని కోచ్. ఎందుకని ఒకసారి గట్టిగా అడిగితే, "మనకు చెప్పేటోళ్లు లేకపాయె. వీళ్లకన్నా నేనుండాలె కదనే" అంది.

ఆమె దగ్గరికి పరకాల నుంచి, వర్ధన్నపేట నుంచి కూడా అమ్మాయిలు వస్తున్నారు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశాక ఈ రాక పెరిగింది. అంతకుముందు చార్జీలకే చాలామంది మానేసేవారు. ఈ మేలు మీ ప్రభుత్వానిదే, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

కానీ గ్రౌండ్‌కు వచ్చాక ఉన్న పరిస్థితి వేరు. పరుగెత్తి చేరాల్సిన చోట్లను బేస్‌లు అంటాం. బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగులు కొలిచి రోజూ తనే సున్నం గీతలు గీస్తుంది. క్రికెట్ వాళ్లు వస్తే ఓ మూలకు జరగాలి. గ్లౌజులు సరిపడా లేవు. ఒక పాప ఎడమ చేత్తో విసురుతుంది. తనకు కుడి చేతి గ్లౌ కావాలి, లేదు. పట్టిన ప్రతిసారీ గ్లౌ ఊడదీసి, అదే చేత్తో విసురుతుంది. ఆ ఒక్క క్షణంలో రన్నర్ బేస్ చేరిపోతుంది. చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

రెండేళ్ల క్రితం మా పిచర్ ఒక చోట కోచ్ పోస్టుకు వెళితే, పంజాబ్‌లోని పట్యాలా ఎన్‌ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) కోచింగ్ డిప్లొమా ఉందా అని అడిగి పంపేశారు. డిప్లొమా అడగడం తప్పని నేను అనను. శాస్త్రీయంగా నేర్చుకున్న కోచ్ ఉంటే పిల్లల భుజాలు పాడవవు. కానీ ఇంటి అద్దె, తన కూతురి ఫీజు ఆమె జీతం మీదే నడుస్తున్నాయి. నెలల తరబడి జీతం వదిలి పంజాబ్ ఎలా వెళ్తుంది?

నేను అడిగేది ఇదే. నేషనల్స్ ఆడి, ఇప్పుడు ఊళ్లలో పిల్లలకు నేర్పుతున్న ఇలాంటి వాళ్లను జిల్లాల వారీగా గుర్తించండి. శిక్షణ కోర్సుకు మీ శాఖే పంపి, ఆ నెలలకు ఇంటి ఖర్చు ఇవ్వండి. తిరిగొచ్చాక సొంత జిల్లాలోనే కోచ్ పోస్టు ఇవ్వండి. మా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పుడు, ప్రభుత్వం ఆమెకు కోటి రూపాయలు, ఆమె కోచ్‌కూ 10 లక్షలు ప్రకటించింది. ఆ రోజు మా గ్రౌండ్‌లో అందరం చప్పట్లు కొట్టాం. మెడల్‌కు ముందు గడిచే ఏళ్లలో కూడా కోచ్ బతకాలి కదా సార్.

మధ్యలో టోక్యో 2020లో ఒక్కసారి వచ్చి పోయిన సాఫ్ట్‌బాల్, 2028 లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ ఒలింపిక్స్‌లో ఉంటుంది. ఈ విషయం మా పిల్లలకు తెలుసు. గ్రౌండ్ గోడ మీద సుద్దముక్కతో ఆ అంకె రాసుకున్నారు. వాన పడితే మళ్లీ రాస్తున్నారు.

ఇట్లు,
ఒక పాత క్యాచర్,
హనుమకొండ