యాషిన్ గొప్పతనం పెనాల్టీల లెక్కలో లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ క్రీడా పేజీలో లెవ్ యాషిన్‌పై వ్యాసం చూసి సంతోషించాను. ఒక ఫుట్‌బాల్ గోల్‌కీపర్ కోసం తెలుగు పత్రిక అర పేజీ కేటాయించడం అరుదు. అయితే వ్యాసం బరువంతా ‘150కి పైగా పెనాల్టీలు ఆపాడు’ అన్న ఒక్క అంకె మీద పెట్టారు. ఆ అంకె చాలాచోట్ల కనిపిస్తుంది గానీ కాస్త గుణించి చూస్తే నిలబడదు. సొంత క్లబ్ డైనమో మాస్కో తరఫున లీగ్‌లో ఆయన ఆడినవి 326 మ్యాచ్‌లు, సోవియట్ జట్టుకు 74. మొత్తం 400. ఆ లెక్కన ప్రతి రెండు మూడు మ్యాచ్‌లకు ఒక పెనాల్టీ ఆపి ఉండాలి. ఆపలేకపోయినవీ, బయటికి పోయినవీ కలుపుకుంటే ఆయన జట్టు దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ పెనాల్టీ ఇచ్చినట్టు అవుతుంది. కప్పు పోటీలు, స్నేహపూర్వక మ్యాచ్‌లు కలిపి మ్యాచ్‌ల సంఖ్యను రెట్టింపు చేసినా పరిస్థితి పెద్దగా మారదు. అన్ని పెనాల్టీలు ఇచ్చే జట్టు 1954, 1955, 1957, 1959, 1963ల్లో ఛాంపియన్ అయ్యేదా?

అంకె తప్పా ఒప్పా అన్నది నాకు అంత ముఖ్యం కాదు. ఆ అంకెను చదివిన కుర్రాడు గోల్‌కీపర్ పని అంటే గీత మీద నిలబడి, షాట్ వచ్చాక దూకడమే అనుకుంటాడు. యాషిన్ వదిలి వెళ్లింది సరిగ్గా దానికి విరుద్ధమైన పాఠం. షాట్ కొట్టకముందు కీపర్ చేయాల్సిన పని ఎంత ఉందో ఆయన చూపించాడు. గీత వదిలి ముందుకు రావడం, డిఫెండర్లకు కేకేసి చెప్పడం, దొరికిన బంతిని వెంటనే చేత్తో విసిరి దాడి మొదలుపెట్టడం. ఇవాళ ఏ పెద్ద జట్టు కీపర్‌ను చూసినా ఇవే కనిపిస్తాయి. ఆయన ఆడే రోజుల్లో వీటిలో చాలా భాగం దుస్సాహసం కింద లెక్క.

ఆ పద్ధతి మొదట్లో ఆయన్ను ముంచింది కూడా. 1950లో డైనమోకు ఆడిన తొలి మ్యాచ్‌ల్లో ముందుకు పరుగెత్తి సొంత డిఫెండర్‌నే ఢీకొన్నాడు, బంతి గోల్‌లోకి పోయింది. దాంతో పక్కన పెట్టారు. జట్టులో అప్పుడు అలెక్సీ ఖోమిచ్ వంటి పేరున్న కీపర్ ఉన్నాడు. యాషిన్ ఆ మధ్యకాలంలో డైనమో ఐస్ హాకీ జట్టుకు గోల్‌కీపింగ్ చేసి 1953లో సోవియట్ కప్పు గెలిచాడు. ఆ ఏడాదే ఫుట్‌బాల్ జట్టులో స్థానం మళ్లీ దొరికింది. ఐస్ హాకీలో గోల్ చిన్నది, పక్ (అక్కడ బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) వేగం విపరీతం. అక్కడ దూకి ఆపేది తక్కువ, కోణం మూసి శరీరాన్ని అడ్డం పెట్టేది ఎక్కువ. ఫుట్‌బాల్‌లో ఆయన నిలబడిన తీరుకు ఆ అలవాటు బలమిచ్చిందని నా నమ్మకం.

ముందుకు రావడం వల్ల ఏం లాభమో కొలతలతో చెబుతాను, ఎందుకంటే మన దగ్గర పిల్లలకు ‘ముందుకు రా, ముందుకు రా’ అని అరవడమే గానీ ఎంత దూరం, ఎందుకు అన్నది చెప్పేవారు తక్కువ. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ బాక్స్ గీత గోల్ గీతకు 16.5 మీటర్ల దూరంలో ఉంటుంది. ఆ గీత మీద సరిగ్గా మధ్యలో నుంచి ఒకరు షాట్ కొడుతున్నారనుకోండి. కీపర్ గోల్ గీత మీదే ఉంటే ఒక్కో వైపు 3.66 మీటర్లు కాపాడాలి. చిన్న బాక్స్ గీత దాకా, అంటే 5.5 మీటర్లు ముందుకొస్తే, అక్కడ కాపాడాల్సిన వెడల్పు మొత్తం 4.88 మీటర్లే, ఒక్కో వైపు 2.44. ఊరికే నడిచి వచ్చినందుకు ఒక్కో పక్క 1.22 మీటర్లు మిగిలింది. అయితే దీనికి ధర ఉంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి గోల్ గీతను చేరడానికి సుమారు 0.66 సెకన్లు పడితే, ముందుకొచ్చిన కీపర్‌ను 0.44 సెకన్లకే చేరుతుంది. అందుకే షాట్ కొట్టే క్షణానికి కీపర్ కదలిక ఆగిపోవాలి. రెండు కాళ్లూ నేల మీద, భుజాల వెడల్పున, బరువు మునివేళ్ల మీద. ఇంకా పరుగెత్తుతూ ఉన్నవాడి పక్క నుంచి మామూలు షాట్ కూడా లోపలికి పోతుంది. ముందుకు రావడం నేర్పిన కోచ్‌లు కూడా ఎక్కువగా వదిలేసేది ఈ ఆగడాన్నే. రెండో ప్రమాదం తల మీదుగా లేపే బంతి. ఫార్వర్డ్ తల ఎత్తి చూస్తున్నాడంటే ఒకటి రెండు అడుగులు తగ్గాలి. తల దించి కాలు వెనక్కి లాగాడంటే అక్కడే నిలదొక్కుకోవాలి.

ఇది మాటలతో అర్థం కాదు, తాడుతో అవుతుంది. సుమారు 34 మీటర్ల తాడు చాలు. బాక్స్ గీత మధ్యలో ఒక మేకు పాతి, దాని నుంచి రెండు పోస్టుల అడుగుకీ తాడు బిగించండి. ఒక్కో వైపు దాదాపు 17 మీటర్లు పడుతుంది, కట్టుకు కొంచెం అదనంగా ఉంచుకోండి. కీపర్‌ను ముందు గోల్ గీత మీద, తర్వాత 3 మీటర్ల దగ్గర, తర్వాత 5.5 మీటర్ల దగ్గర నిలబెట్టి రెండు చేతులూ చాపమనండి. 3 మీటర్ల దగ్గర రెండు తాళ్ల మధ్య దూరం 6 మీటర్లు, 5.5 దగ్గర 5 కంటే తక్కువ. పన్నెండేళ్ల పిల్లాడికి కూడా కళ్ల ముందే తెలిసిపోతుంది. తర్వాత మేకును పక్కకు జరిపి అదే మళ్లీ చేయాలి. అప్పుడు గోల్ మధ్యలో నిలబడితే ఫస్ట్ పోస్ట్ (బంతికి దగ్గరి స్తంభం) వైపు ఎంత ఖాళీ మిగులుతుందో కనబడుతుంది. అన్నట్టు, పన్నెండేళ్లలోపు వారిని పెద్దవాళ్ల గోల్‌లో నిలబెట్టి ‘ఎత్తు బంతి ఆపలేడు’ అనడం అన్యాయం. తొమ్మిదిమంది ఆటకు 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గోల్ సరిపోతుంది. రెండు వెదురు గడలతో హద్దు పెట్టుకోవచ్చు.

ఇక కేక. 1962 జూన్ 3న చిలీలోని అరికాలో కొలంబియాతో ప్రపంచకప్ మ్యాచ్. సోవియట్ జట్టు పదకొండు నిమిషాల్లోనే 3-0 ఆధిక్యం సంపాదించి, తర్వాత 4-1 దాకా వెళ్లింది. అక్కడ కొలంబియా ఆటగాడు మార్కోస్ కోల్ మైదానం మూల నుంచి కొట్టిన కార్నర్ కిక్ ఫస్ట్ పోస్ట్ దగ్గరున్న డిఫెండర్‌కూ యాషిన్‌కూ మధ్య నుంచి నేరుగా లోపలికి పోయింది. పురుషుల ప్రపంచకప్ చరిత్రలో కార్నర్ నుంచి నేరుగా పడిన గోల్ అదొక్కటే. మ్యాచ్ 4-4తో ముగిసింది. వారం తర్వాత క్వార్టర్‌ఫైనల్లో ఆతిథ్య చిలీ చేతిలో 2-1 ఓటమి. ఆ రెండు గోల్స్‌లో లియోనెల్ సాంచెజ్‌ది ఫ్రీకిక్, ఎలాడియో రోజాస్‌ది దూరం నుంచి కొట్టిన షాట్. నింద అంతా యాషిన్ మీద పడింది. టీవీలో చూసే వీలు లేని సొంత దేశపు ప్రేక్షకులు మైదానాల్లో ఆయన్ను గేలి చేశారు. 32 ఏళ్ల కీపర్ పని అయిపోయిందని రాశారు.

కార్నర్ గోల్‌ను కీపర్ చేతకానితనంగా చూస్తే పాఠం పోతుంది. ఇద్దరు అందుకోగల బంతిని ఎవరూ అందుకోకపోవడం అన్ని స్థాయిల్లోనూ జరుగుతుంది, మన స్కూల్ టోర్నమెంట్లలో మరీ ఎక్కువ. మందు ఒక్కటే. రెండే మాటలు పెట్టుకోవాలి. తను వస్తుంటే ‘కీపర్’, రాకపోతే ‘కొట్టెయ్’. మూడో మాట వద్దు. బంతి కార్నర్ నుంచి దారిలో మూడో వంతు దాటేలోపే కేక వినబడాలి. ఒకసారి ‘కీపర్’ అన్నాక వెనక్కి తగ్గకూడదు, తప్పని తెలిసినా సరే, ఎందుకంటే స్టాపర్ (మధ్యలో ఆడే డిఫెండర్) అప్పటికే వదిలేసి ఉంటాడు. ఎత్తు కార్నర్లకు కీపర్ గోల్ మధ్య కంటే కాస్త సెకండ్ పోస్ట్ (దూరపు స్తంభం) వైపు, గీతకు ఒక మీటరు ముందు, ఛాతీ మైదానం వైపు తిప్పి నిలబడాలి. ముందుకు పరుగెత్తడం సులువు, వెనక్కి నడుస్తూ ఎగరడం కష్టం. ఫస్ట్ పోస్ట్ దగ్గర తక్కువ ఎత్తులో వచ్చే బంతి అక్కడి డిఫెండర్ బాధ్యతని ముందే చెప్పి ఉంచాలి. కీపర్ శిక్షణను మైదానం మూలన ఒంటరిగా ముగించేస్తే ఇది ఎప్పటికీ రాదు. నలుగురు డిఫెండర్లను పెట్టి రోజూ పది కార్నర్లయినా కొట్టించాలి.

గుంపులో బంతిని పట్టుకోవడం కంటే పిడికిలితో గుద్దడానికే యాషిన్ మొగ్గు చూపేవాడు. ఆనాటి తోలు బంతి వానలో నీళ్లు పీల్చి బరువెక్కేది, నేటి లేటెక్స్ గ్లోవ్స్ అప్పటికి రాలేదు. గ్లోవ్స్ కొనలేని మన పిల్లలకు ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఎదురుగా వచ్చే బంతికి రెండు పిడికిళ్లు కలిపి, బొటనవేళ్లు లోపలికి ముడవకుండా, బంతి కింది సగాన్ని కొట్టాలి. ఎత్తుగా, పక్కకు పోవాలి. బాక్స్ ముందు మధ్యలో పడిందా, రెండో షాట్ ఖాయం.

విసరడం గురించి మీ వ్యాసంలో ఒక్క మాటా లేదు. ఆ కాలంలో కీపర్ బంతి పట్టుకుని నాలుగు అడుగులకు మించి నడవాలంటే దాన్ని నేలకు కొట్టి అందుకోవాలి. వెనక్కి ఇచ్చిన పాస్‌ను చేత్తో పట్టుకోవచ్చు, ఆ నిషేధం 1992లో వచ్చింది. కీపర్లు తీరిగ్గా బంతిని పైకి తన్నేవారు. యాషిన్ తల ఎత్తి, ఖాళీగా ఉన్న వింగర్‌కు (మైదానం అంచున ఆడే ఫార్వర్డ్‌కు) విసిరేవాడు. తన్నిన బంతి గాలిలో ఇద్దరి మధ్య పోటీ అవుతుంది, విసిరిన బంతి మనవాడి కాలి దగ్గర పడుతుంది. 15 మీటర్లలోపు నేల మీద దొర్లించాలి, అంతకు మించితే భుజం మీదుగా చేయి చాచి విసరాలి. గోల్ ముందు అడ్డంగా మాత్రం ఎప్పుడూ విసరకూడదు. 2025 నుంచి కీపర్ 8 సెకన్లకు మించి బంతి పట్టుకుంటే ప్రత్యర్థికి కార్నర్ ఇస్తున్నారు కాబట్టి ఈ నైపుణ్యం ఇప్పుడు మరింత అవసరం.

నిందలు పడిన మరుసటి ఏడాదే, 1963లో, లీగ్‌లో 27 మ్యాచ్‌లాడి ఆయన ఇచ్చిన గోల్స్ ఆరే. అక్టోబర్ 23న వెంబ్లీలో ఇంగ్లండ్‌పై ప్రపంచ జట్టుకు (వివిధ దేశాల మేటి ఆటగాళ్ల జట్టుకు) మొదటి సగం ఆడి ఒక్క గోల్ ఇవ్వలేదు. ఆ ఏటి బాలన్ డోర్‌ను, అంటే యూరప్ ఉత్తమ ఆటగాడి అవార్డును, ఇటలీ ఆటగాడు జియాని రివేరాను వెనక్కి నెట్టి గెలిచాడు. నేటికీ అది అందుకున్న గోల్‌కీపర్ ఆయనొక్కడే. 1960లో పారిస్‌లో యూరప్ తొలి టైటిల్, 1966లో ప్రపంచకప్ నాలుగో స్థానం మీరు రాసినవే.

మీరు రాయని మరో సంగతి మనకు దగ్గరిది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత్ సెమీఫైనల్ చేరింది. అక్కడ మనల్ని 4-1తో ఓడించిన యుగోస్లావియానే ఫైనల్లో యాషిన్ జట్టు 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. కాంస్య పోరులో మనపై 3-0తో నెగ్గిన బల్గేరియా కూడా సెమీస్‌లో సోవియట్ చేతిలోనే ఓడింది. ఆ భారత బృందంలో ఉన్న పీటర్ తంగరాజ్ సికింద్రాబాద్ మైదానాల్లో ఫార్వర్డ్‌గా మొదలై కీపర్ అయినవాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచినప్పుడు గోల్‌లో ఉన్నది ఆయనే. 1967లో అర్జున అవార్డు అందుకున్నారు. యాషిన్‌కు అర పేజీ ఇచ్చిన మీరు తంగరాజ్‌కూ ఒక అర పేజీ ఇవ్వాలని కోరుతున్నాను.

ఇంకొక విన్నపం. జిల్లా, పాఠశాల టోర్నమెంట్ల వార్తల్లో గోల్‌కీపర్ పేరు గోల్స్ తిన్నప్పుడో, పెనాల్టీ ఆపినప్పుడో తప్ప రాదు. ఎన్ని క్రాస్‌లు (పక్కల నుంచి గోల్ ముందుకు కొట్టిన బంతులు) అందుకున్నాడు, విసిరిన బంతుల్లో ఎన్ని తన జట్టువారికి చేరాయి అన్న రెండు అంకెలు కూడా ముద్రించండి. గోల్ వెనక నిలబడిన రిజర్వ్ ఆటగాడికి ఒక నోట్‌బుక్, పెన్సిల్ ఇస్తే అతనే గీతలు గీసి లెక్క అప్పజెబుతాడు. మీ విలేకరికి అదనపు శ్రమ ఉండదు.

ఇట్లు,
ఒక గోల్‌కీపింగ్ శిక్షకుడు,
సికింద్రాబాద్