‘సతాయించు’ చేసిన తప్పేంటి?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ పేజీలోనే ఒక పాఠకుడు హెడ్డింగులో ‘సతాయించు’ అని వాడారని బాగా కోప్పడ్డారు, అది హిందీ మాట, మోటుగా ఉంది, శుభ్రంగా ‘వేధించు’ అని తెలుగులో రాయొచ్చు కదా అని. నవ్వొచ్చింది. వేధించు మాత్రం మన ఇంట్లో పుట్టిందా? సంస్కృతం నుంచి తెచ్చుకున్నదే.

హిందీ ‘సతానా’కి మన ‘ఇంచు’ తగిలిస్తే సతాయించు అయింది, నిజమే. దబాయించు, చలాయించు, బనాయించు కూడా అలా వచ్చినవే. ‘కేసు బనాయించారు’ అని రోజూ రాస్తూ దీన్నొక్కదాన్నే గుమ్మం బయట నిలబెట్టడం ఏం న్యాయం? పైగా ఆ సతానాకి మూలం సంస్కృతంలోని ‘సంతాపన’. ప్రాకృతంలో ‘ప’ మెత్తబడి ‘సంతావ’ అయి, హిందీలోకి వచ్చేసరికి ఇంకా అరిగింది. ధాతువు ‘తప్’, అంటే వేడెక్కడం, కాగడం. కాబట్టి తాపం, తపన, తపస్సు, ఆఖరికి సంతాప సభ కూడా దీనికి చుట్టాలే! ‘కాల్చుకు తింటున్నాడు’ అని మనం అంటామే, దాదాపు అదే పోలిక.

వేధించులో ఉన్నది నిప్పు కాదు, మొన. వేధ అంటే గుచ్చడం, చీల్చడం. దశరథుడి శబ్దవేధి బాణంలో ఉన్న వేధే ఇది, వ్యాధుడు అనే బోయవాడి పేరూ ఆ ధాతువు నుంచే వచ్చింది. అందుకే అది బరువైన మాట. కట్నం కోసం వేధించారనే వార్తలో ‘సతాయించారు’ అని రాస్తే జరిగిన ఘోరం పలచబడిపోతుంది, అదే నిద్రపోకుండా సతాయించే చంటిపిల్లాడిని ‘వేధిస్తున్నాడు’ అంటే వాడి మీద కేసు పెట్టాలి. దగ్గు వేధిస్తుంది, సందేహం వేధిస్తుంది, అవి లోపల గుచ్చేవి కాబట్టి. మొరాయించే మోటారు, మాటిమాటికీ ఆగిపోయే నెట్ మాత్రం సతాయిస్తాయి. ఒకటి తీసి అక్కడ ఇంకోటి పెట్టడానికి ఇవేమైనా బల్బులా?

అచ్చ తెలుగే కావాలంటే ‘విసిగించు’ ఉంది, కానీ అందులో కనిపించేది ఎదుటివాడి విసుగే, చేసినవాడి దుర్మార్గం పెద్దగా కనపడదు. ‘ఏడిపించు’ ఇంకా గమ్మత్తైనది, మరదల్ని సరదాగా ఆటపట్టించడానికీ అదే, రోడ్డు మీద ఆడపిల్లల వెంటపడటానికీ అదే. ఈ రెండో పనికి దాన్ని వాడటం నాకు అస్సలు నచ్చదు, నేరాన్ని చిలిపితనంలా చూపిస్తుంది. అక్కడ రాయాల్సింది వేధించడం అనే.

ఆ రాసేదాన్ని కూడా కాస్త సరిగ్గా రాయండి. మీ పేపర్లో తరచూ ‘వేదింపులు’ అని అచ్చవుతోంది, బహుశా వేదన గుర్తొచ్చి కావచ్చు, కానీ వేదనది ‘విద్’ అనే వేరే ధాతువు. ఇక్కడ ఒత్తు ‘ధ’ ఉండాలి. సతాయించు మీద కోప్పడిన ఆ పెద్దమనిషి ఉత్తరంలోనూ రెండు చోట్ల ‘వేదించు’ అనే ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు