కళాశాలల పట్టికలో భద్రతకూ ఒక గడి ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంజనీరింగ్ ప్రవేశాల రోజుల్లో మీ విద్యా పేజీల్లో ఏ ర్యాంకుకు ఎక్కడ సీటు వస్తుంది, ఫీజు ఎంత, ప్రాంగణ నియామకాలకు ఏయే కంపెనీలు వచ్చాయి అనే వివరాలను పట్టికలుగా ఇస్తున్నారు. వాటి పక్కన విద్యార్థుల భద్రతకు సంబంధించి ఒక్క గడి కూడా కనిపించదు. చెన్నైలో స్థిరపడిన మాలాంటి తెలుగు కుటుంబాలకు మాత్రం నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపు నుంచి వచ్చే ఫోన్లలో మొదటి ప్రశ్న అదే: "అక్కడ పిల్లను ఒంటరిగా ఉంచొచ్చా అక్కా?" మేమూ పేపర్లో చదివినది కొంత, ఎవరో అనగా విన్నది కొంత కలిపి ఏదో ఒక సమాధానం చెప్పేస్తుంటాం.

2024 డిసెంబరు 23 రాత్రి గిండీలోని అన్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక విద్యార్థినిపై లైంగిక దాడి జరిగాక ఈ ప్రశ్నలో భయం పాలు పెరిగింది. గవర్నరు నివాసానికీ ఐఐటీకీ కూతవేటు దూరంలో ఉన్న ఆ ప్రాంగణంలోకి వచ్చి ఈ నేరం చేసినవాడు విద్యార్థీ కాదు, ఉద్యోగీ కాదు, దగ్గర్లోనే ఫుట్‌పాత్ మీద బిర్యానీ అమ్ముకునే బయటి వ్యక్తి. అయితే ఆ తరువాత జరిగినది కూడా గుర్తుంచుకోవాలి. ఆ అమ్మాయి వెనకాడకుండా ఫిర్యాదు చేసింది, రెండు రోజుల్లోనే నిందితుణ్ణి అరెస్టు చేశారు, 2025 జూన్ 2న మహిళా కోర్టు అతనికి శిక్ష తగ్గింపు లేకుండా కనీసం 30 ఏళ్లు జైల్లో ఉండేలా యావజ్జీవం విధించింది. మరోవైపు ఆమె వివరాలున్న ఎఫ్‌ఐఆర్ బయటికి పొక్కడంతో మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకొని, మహిళా ఐపీఎస్ అధికారులతో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించి, 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇమ్మని ఆదేశించవలసి వచ్చింది.

ఆ వార్త చదివి అన్నా విశ్వవిద్యాలయం పేరు కొట్టేసి, ఎన్నడూ పేపరుకెక్కని ప్రైవేటు కళాశాల వైపు మొగ్గినవారు మా బంధువుల్లోనే ఉన్నారు. వారి ఆందోళనను తప్పుపట్టను గానీ, ఆ లెక్క నాకు సరిగా తోచదు. ఫిర్యాదే రాని చోట నేరం జరగలేదని కాదు, చెప్పుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదని కూడా అర్థం కావచ్చు.

మా చెల్లెలి కూతురి కోసం శివార్లలోని ఒక కళాశాలకు వెళ్లినప్పుడు మమ్మల్ని నేరుగా కంట్రోల్ రూముకు తీసుకెళ్లి, గోడ నిండా ఉన్న కెమెరా తెరలు గర్వంగా చూపించారు. అమ్మాయిల హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకే మూసేస్తామని భరోసా కూడా ఇచ్చారు. లైబ్రరీ ఎనిమిది దాకా తెరిచి ఉంటుందట, మరి అమ్మాయిలు ఎప్పుడు చదువుకోవాలో ఎవరూ చెప్పలేదు. లైంగిక వేధింపుల ఫిర్యాదుల అంతర్గత కమిటీలో ఎవరెవరున్నారని అడిగితే నోటీసు బోర్డు చూపించారు. అద్దం వెనక కాగితం రంగు మారిపోయి ఉంది, అధ్యక్షురాలిగా పేరున్న ప్రొఫెసరు గారు ఎప్పుడో రిటైరయ్యారని అటెండరే చెప్పాడు, బయటి సంస్థ సభ్యురాలి పేరుండవలసిన చోట ఖాళీ ఉంది.

నిజానికి నిబంధనలకు కొదవ లేదు. యూజీసీ 2015లో తెచ్చిన నియమావళి ప్రకారం ఈ కమిటీకి సీనియర్ మహిళా అధ్యాపకురాలు నాయకత్వం వహించాలి, బయటి సభ్యులొకరు ఉండాలి, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులూ కూర్చోవాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి అని ఏటా యూజీసీకి నివేదిక పంపాలి. ఆ నివేదికను తల్లిదండ్రుల కంటపడేలా వెబ్‌సైట్‌లో పెట్టిన కళాశాల నాకింతవరకు తారసపడలేదు. అమెరికాలో 1986లో లీహై విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఒక విద్యార్థిని హత్యకు గురయ్యాక, ఆమె తల్లిదండ్రుల పోరాటంతో 1990లో వచ్చిన క్లెరీ చట్టం, ఫెడరల్ ఆర్థిక సహాయ పథకాల్లో ఉన్న ప్రతి విశ్వవిద్యాలయమూ ఏటా అక్టోబరు 1 లోగా గత మూడేళ్ల నేరాల లెక్కను ప్రకటించాలని శాసిస్తుంది. అందులో ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న వీధుల్లో జరిగినవీ చేరతాయి. పిల్లల్ని ఎమ్మెస్‌కు పంపే మనవాళ్లు ఆ లెక్కలు ఇంట్లో కూర్చొని చూసుకోగలరు, పక్కనున్న చెన్నైకి పంపేటప్పుడు మాత్రం గాలివార్తలే దిక్కు.

వీధుల మాట ఎత్తాను కనుక ఇది కూడా చెప్పాలి. నగర కళాశాలలో చదివే పిల్లలు రోజులో సగం గేటు బయటే ఉంటారు. లోకల్ రైలు దిగి హాస్టల్ చేరే దారిలో దీపాలు వెలుగుతున్నాయా, మధ్యలో టాస్మాక్ (ప్రభుత్వ మద్యం) దుకాణం ఉందా అన్నది మధ్యాహ్నం కారులో వచ్చి చూసిపోయే తల్లిదండ్రులకు తెలియదు. రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి ఆ దారిన నడిస్తే తెలుస్తుంది. ప్రైవేటు లేడీస్ హాస్టళ్లు కలెక్టరు వద్ద నమోదు కావాలని తమిళనాడు 2014లోనే చట్టం చేసింది, అడ్వాన్సు కట్టే ముందు ఆ పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. మగపిల్లల విషయంలో ఈ ప్రశ్నలే అడగకపోవడం మరో పొరపాటు. బస్సు, రైలు రూట్ల పేరుతో కళాశాలల మధ్య సాగే గొడవలు ఈ నగరానికి కొత్త కాదు. 2024 అక్టోబరులో సెంట్రల్ స్టేషన్ దగ్గర దాడికి గురైన ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థి ఒకరు ఆసుపత్రిలో ప్రాణాలు విడిచారు.

కనుక వచ్చే ప్రవేశాల సమయానికి మీ ప్రతినిధులు కళాశాలల నుంచి ఫీజు, నియామకాల వివరాలతోపాటు అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, గత ఏడాది వార్షిక నివేదిక, హాస్టల్ నమోదు వివరాలు కూడా అడిగి ప్రచురించాలని కోరుతున్నాను. ఇవ్వడానికి నిరాకరించిన కళాశాల ఎదుట "వివరాలు ఇవ్వలేదు" అని అచ్చువేసినా మాకు చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పెరంబూరు, చెన్నై