ఒకటో తరగతి ఎవరు చెప్తారో కనుక్కో

మహబూబ్‌నగర్,
మే 20

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేదు. పక్కన వదిన, అదే మీ అత్తగారు, ఉన్నారని నీ గొంతు తీరులోనే తెలిసింది. ఫోన్‌లో తేలే సంగతి కూడా కాదిది. అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువుకో, అల్లుడికీ చూపించు.

పాపను మీ సందు చివరి సర్కారు బడిలో వెయ్యాలా, మీ అపార్ట్‌మెంట్ పిల్లలంతా ఎక్కే పసుపు బస్సు ఎక్కించాలా అన్నావు. ఉద్యోగమంతా సర్కారు బడుల్లో ఎస్‌జీటీగా, చిన్న తరగతుల టీచరుగా చేసినదాన్ని కదా, తడుముకోకుండా 'వెయ్యి' అంటానని అనుకున్నట్టున్నావు. 'నేనూ నీ బడిలోనే చదివాను కదమ్మా' అని కూడా అన్నావు. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. నువ్వు చదివేనాటికి మన ఊరికి ఉన్నదే ఆ ఒక్క బడి. పటేల్ గారి మనుమడు, కిరాణా సేటు పిల్లలు, జీతగాడి కొడుకు అందరూ అదే చాప మీద కూర్చున్నారు. ఓ సారు రెండు రోజులు రాకపోతే మూడో రోజు పటేల్ బడి గేటు దగ్గర నిలబడేవాడు. అడిగే నోరున్నవాళ్ల పిల్లలు కూడా అందులోనే ఉండడం వల్ల ఆ బడి నడిచింది. మీ దగ్గర అడిగే నోరున్నవాళ్లంతా ఎప్పుడో బస్సెక్కేశారు.

హైదరాబాద్ శివార్లలో మీ వైపు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. మణికొండ, పుప్పాలగూడ 2018లో మునిసిపాలిటీ అయ్యేదాకా గ్రామ పంచాయతీలే. పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టులో సర్కారు సంస్థ హెచ్‌ఎండీఏ భూముల వేలం పెడితే ఎకరం 100 కోట్లు దాటింది. నేను వచ్చినప్పుడు చూశాను, అంత ధర పలికే నేల మధ్యన ఆ బడి బోర్డు మీద మాత్రం ఇంకా 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అనే ఉంది. పొలాలు అమ్ముకున్న పాత ఊరివాళ్ల పిల్లలూ మీ బస్సులోనే పోతున్నారు. బడిలో మిగిలింది మేస్త్రీల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు, మీ అపార్ట్‌మెంట్‌లో గిన్నెలు తోమే ఆవిడ పిల్లలు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లు కొందరు. మన పాలమూరు వాళ్లయితే చెప్పనే అక్కర్లేదు, దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, స్లాబ్ పోసినా మనవాళ్లు ఉండాల్సిందే. ఆ బడిలో నా పాత పిల్లల పిల్లలు ఇద్దరు ముగ్గురైనా దొరుకుతారని నాకు గట్టి నమ్మకం.

సరే, అసలు సంగతికి వస్తాను. 'సర్కారు బడి మంచిదా, ప్రైవేటు మంచిదా' అని తూచకు. ఈ ఒక్క బడి సంగతి, అందులోనూ పాప కూర్చోబోయే ఒక్క గది సంగతి కనుక్కో. ఒకే కాంపౌండ్‌లో రెండో తరగతి బంగారంలా ఉండి, నాలుగో తరగతికి ఆలనాపాలనా లేకపోవడం నేను చూశాను.

మొదట టీచర్ల లెక్క చూడు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలు. 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు, 200 దాకా ఐదుగురు. పిల్లలు 150 దాటితే విడిగా ఒక హెచ్‌ఎం, అంటే హెడ్‌మాస్టర్. ఇది చదివి బడి చట్ట ప్రకారమే ఉందని తృప్తి పడకు. తరగతులు ఐదు కదా! యాభై మంది పిల్లలకు ఇద్దరు టీచర్లుంటే ఒకరు ఒకటి, రెండు కలిపి చెప్తారు, ఇంకొకరు మూడు, నాలుగు, ఐదు కలిపి చెప్తారు. చట్టం ఎక్కడా తప్పలేదు, కానీ పాపకు దక్కేది సగం టీచరే. అదీ ఇద్దరూ నిజంగా బడిలో ఉంటే. రిజిస్టర్‌లో నలుగురి పేర్లుండి, ఒకరు డిప్యుటేషన్ మీద, ఒకరు లాంగ్ లీవ్‌లో ఉండే బళ్లున్నాయి. అందుకే 'ఎన్ని పోస్టులు' అని అడగకు. 'ఈ రోజు ఎంతమంది వచ్చారు' అని అడుగు. ఒక్క టీచరే ఉన్న బడి అయితే ఇక ఆలోచించనే వద్దు, వదిన చెప్పినట్టే బస్సు ఎక్కించు. అలాంటి చోట ఆ టీచర్ దేవతైనా మీటింగులు, ఆన్‌లైన్ ఎంట్రీలు, మధ్యాహ్న భోజనం లెక్కలు పోగా పాఠానికి ఎంత మిగులుతుందో నాకు తెలుసు.

ఇప్పుడు సెలవులు కాబట్టి బడి నడుస్తుండగా చూడలేవు. జూన్ 12న తెరుస్తారు, అంతకు ముందే బడిబాట అని, పిల్లల్ని బడిలో చేర్చమంటూ టీచర్లు ఇంటింటికీ తిరుగుతారు. మీ సెక్యూరిటీ వాళ్లు గేటు దాటనివ్వరు గనక మీ టవర్‌కు రారు. నువ్వే వెళ్లు. తెరిచిన మొదటి వారంలో పిల్లలు ఇంకా ఊళ్ల నుంచి రారు, ఆ వారం చూసి ఏమీ తేల్చకు. రెండో వారంలో చెప్పకుండా, పదకొండింటికి వెళ్లి హెచ్‌ఎంను అడిగి కూర్చో. మూడో తరగతి పిల్లను దగ్గరికి పిలిచి రెండో తరగతి తెలుగు పుస్తకంలో ఏదో ఒక పేజీ చదవమను. బాగా చదివే పిల్లను వాళ్లే ముందుకు తోస్తారు, వెనక వరసలో దాన్ని పిలువు. తర్వాత నోటు పుస్తకాలు తీసి చూడు. తప్పు మీద ఎర్ర సిరా పడిందా లేక పేజీ కింద సంతకం మాత్రమే ఉందా? గోడల మీద బొమ్మలు చూసి మురిసిపోకు. మీ వైపు కంపెనీలకు కొదవ లేదు, ఏడాదికో కంపెనీ వచ్చి గోడలకు రంగులేసి ఫొటో దిగి పోతుంది.

ఆడపిల్లల టాయిలెట్‌కు తాళం ఉందేమో చూడు. ఉంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో అడుగు. దాన్ని కడిగే స్కావెంజర్‌కు జీతం ఎవరిస్తున్నారో కూడా అడుగు, ఆ జవాబులోనే సగం బడి తెలిసిపోతుంది. మధ్యాహ్నం దాకా ఉండి భోజనం చూడు. గుడ్డు ఇచ్చే రోజున టీచర్లు కూడా అక్కడే అదే కూర తింటున్నారా లేదా గమనించు.

భాష గురించి అల్లుడు భయపడుతున్నాడన్నావు. ఇంగ్లిష్ గురించైతే అంత కంగారు అక్కర్లేదు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. పాఠం ఇంగ్లిష్‌లో చెప్పడం అలవాటు లేక మాలో చాలామంది తడబడ్డ మాట నిజమే. కానీ పాపకు ఇంట్లో మీ ఇద్దరి ఇంగ్లిష్ ఉంది. నా దిగులు వేరే. తరగతిలో సగం మందికి తెలుగు రాకపోతే, ఒకరు ఒడియా, ఒకరు హిందీ మాట్లాడుతుంటే, ఆ టీచర్ ఏం చేస్తోంది? తెలివిగల టీచర్ అయితే పాటతో, బొమ్మలతో, చేత్తో చూపించి అందరినీ దారిలో పెడుతుంది. మన పాప లాంటి మాటకారి పిల్లను పక్కనున్న పిల్లకు చెప్పమంటుంది. ఒక ఏడాది అది పాపకు ఎంతో మేలు. పదాలు ఇచ్చి పదాలు తెచ్చుకుంటుంది, ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా మాట్లాడడం నేర్చుకుంటుంది. ఐదేళ్లూ అదే పని అప్పగిస్తే మాత్రం పాప చదువు అక్కడే ఆగిపోతుంది. రెండో ఏడు ముగిసేసరికి మళ్లీ చూసుకో. బడి మార్చడం పాపమేమీ కాదు.

ఇంకో సంగతి. స్లాబ్ పని అయిపోగానే కుటుంబం కుటుంబమే వేరే సైట్‌కు పోతుంది. పాపకు కొత్తగా దొరికిన స్నేహితురాలు దసరా తర్వాత కనిపించకపోవచ్చు. నడిఏడాదిలో కొత్తవాళ్లు వస్తారు, వాళ్లను చేర్చుకోనని అనే వీల్లేదు, టీసీ లేదనీ వయసు సర్టిఫికెట్ లేదనీ తిప్పి పంపకూడదు. చట్టం ఆ పిల్లల పక్షానే ఉంది, ఉండాలి కూడా. కానీ నవంబర్‌లో ముగ్గురు కొత్త పిల్లలు వచ్చి కూర్చుంటే టీచర్ మళ్లీ మొదటికొచ్చి అక్షరాలు దిద్దించాల్సిందే. అప్పుడు పాప ఖాళీగా కూర్చుంటుంది. ఇంట్లో కథల పుస్తకాలు సిద్ధంగా ఉంచుకో.

నీ ఫ్రెండ్స్ నలుగురు కలిసి పిల్లల్ని ఒకేసారి చేరుద్దామంటున్నారని, మీరు చేరితే బడి బాగుపడుతుందని అన్నావు. మంచి ఆలోచనే. కానీ బడిని బాగు చెయ్యడానికి పిల్లను పంపకు. పిల్లకు అక్కడ బాగుంటుందనిపిస్తే పంపు, తర్వాత బడి బాగు కోసం ఎంతైనా చెయ్యి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, పేద, వెనుకబడిన వర్గాల వాళ్లు బడిలో ఎంతమందో ఆ వంతున కమిటీలోనూ ఉండాలి. చట్టంలో రాసిందే ఇది. మీరు నలుగురు వెళ్లి ఇంగ్లిష్ కలిపి మాట్లాడితే రెండో మీటింగ్‌కే మిగతా తల్లులు మూలకు సర్దుకుంటారు. మూడో మీటింగ్‌కు రారు. హెచ్‌ఎంకు కూడా మీతోనే సులువవుతుంది, మీరు వాట్సాప్‌లో దొరుకుతారు గదా. ఆ తర్వాత స్మార్ట్ బోర్డు వస్తుంది, నల్లా రాదు. అందుకని మొట్టమొదట మీటింగ్ పగలు పదకొండింటికి పెట్టవద్దని చెప్పండి. ఆ టైమ్‌లో వస్తే కూలీకి పోయే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. ఆదివారం పొద్దున పెట్టించండి. వచ్చినవాళ్లను ముందు మాట్లాడనివ్వండి.

వదిన మాట గురించి. ఆమెను తప్పు పట్టకు. చుట్టాల్లో 'మనుమరాలు ఏ బడి' అని అడిగితే ఏం చెప్పాలన్నదే ఆమె దిగులు. మీరు చూసొచ్చిన ఆ పెద్ద ప్రైవేటు బడిలో పాపను కూర్చోబెట్టి రంగుల పేర్లడిగారన్నావు, మిమ్మల్నిద్దరినీ ఏం చేస్తారని అడిగారన్నావు. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం చేరేటప్పుడు అలా వడపోయడమే కూడదు. ఈ మాట వదినతో వాదనకు కాదు, నీకు తెలియాలని. ఏడాదికి లక్షన్నర ఫీజు మీకు భారం కాదని తెలుసు. బస్సులో రోజూ పోయే గంటన్నర మాత్రం పాపకు భారమే. సందు చివరి బడికైతే నడిచి పోతుంది, సాయంత్రం ఆ పిల్లల్లో ఎవరో ఒకరు మీ గేటు బయట నిలబడి దాని పేరు పెట్టి పిలుస్తారు. మీ సెక్యూరిటీ వాళ్లను లోపలికి రానివ్వమని అప్పుడు చెప్పాల్సింది నువ్వూ అల్లుడే.

కాగితాలు: పాప బర్త్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్స్‌లు తీసి పెట్టుకో. లేకపోయినా చేర్చుకోవాలి, కానీ ఉంటే వాళ్లకు ఆన్‌లైన్‌లో ఎక్కించడం సులువు.

బడిబాటప్పుడు హెచ్‌ఎం మేడం కనిపిస్తే మిగతావన్నీ తర్వాత అడుగు. ఈ ఏడు ఒకటో తరగతి ఎవరు తీసుకుంటున్నారు, వాళ్లు ఎన్నేళ్ల నుంచి ఒకటో తరగతే చెప్తున్నారు, ఈ రెండూ అడిగి నాకు ఫోన్ చెయ్యి. కొత్తగా వచ్చినవాళ్లకు, అందరూ వద్దన్న తరగతి కాబట్టి ఇచ్చారంటే ఒక మాట. అడిగి మరీ తీసుకున్న టీచర్ అంటే ఇంకో మాట.

అమ్మ